ఉరికి జంకనివాడిని దేంతో బెదిరిస్తాం?

సంపాదకులకు నమస్కారం.

‘మన దగ్గరా అణుబాంబు ఉందిగా, ఉగ్రవాదులు ఆ జోలికి రారు’ అని మొన్న టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన తేల్చేశారు. దేశాల మధ్య అయితే ఆ లెక్క సరే. ‘నువ్వు కొడితే నేనూ కొడతా’ అనాలంటే ఎదుటివాడికి ఓ చిరునామా ఉండాలి కదా!

1995 మార్చి 20న టోక్యోలో ఓమ్ షిన్రిక్యో అనే మతముఠా మనుషులు సారిన్ అనే ప్రాణాంతక విషరసాయనం నింపిన ప్లాస్టిక్ సంచులను వార్తాపత్రికల్లో చుట్టుకుని ఐదు మెట్రో రైళ్లెక్కారు. వాటిని కింద పడేసి, మొన పదునుపెట్టిన గొడుగులతో పొడిచి దిగిపోయారు. పదిమందికి పైగా చనిపోయారు, వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు. జపాన్‌లో ఉరిశిక్ష ఉందని వాళ్లకు తెలియదా? 2018లో 13 మందిని ఉరితీశారు కూడా.

నష్టం అంతటితో ఆగింది శిక్ష భయంతో కాదు, వాళ్ల సారిన్ నాసిరకం కావడంతో. డబ్బు, కెమిస్టులు ఉన్నా సరుకు కుదరలేదు. అంటే సరుకు దొరక్కుండా చేయడమే అసలు నిరోధం. బెదిరింపు పనిచేసేది సరుకు అమ్మేవాడి మీద, ఆశ్రయమిచ్చే ప్రభుత్వం మీద. అణు, రసాయన, జీవాయుధాలు ఉగ్రవాదుల చేతికి చేరకుండా చూడాలని 2004 నాటి ఐరాస భద్రతామండలి 1540వ తీర్మానం దేశాలపై పెట్టిన బాధ్యతా ఇలాంటిదే.

2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఉన్న పాత యంత్రం వేలంలో చేరింది. ఒకరు చనిపోయారు. అందులో ఏ ఉగ్రవాదీ లేడు. మూలపడ్డ అలాంటి పరికరాలు ఎవరి తాళం కింద ఉన్నాయో ప్రభుత్వం ఏటా పార్లమెంటుకు చెప్పాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు