వార్షిక నివేదిక: ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై ఈ ఏడాది మన పని

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

వరదల్లో గోదావరి లంకలకు పంపిన బియ్యం, పదో తరగతి పిల్లలకు ఇచ్చిన పుస్తకాల వివరాలు జమాఖర్చుల పత్రంలో ఉన్నాయి. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఊపిరితిత్తుల క్యాన్సర్ పనికే ఇస్తున్నాను. పొగాకు పరిశోధనకు మన రాజమండ్రిలో 1947లోనే కేంద్ర సంస్థ వచ్చింది. ఆ పొగ పీల్చినవాళ్ల ఊపిరితిత్తులను ముందుగా పరీక్షించే ఏర్పాటు మాత్రం ఇప్పటికీ మన ఊళ్లకు రాలేదు. ప్రభుత్వం ఊరూరా చేయిస్తున్న క్యాన్సర్ పరీక్షలు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికే.

సార్వా కోతలయ్యాక రామాలయం అరుగుల మీద సమావేశాలు పెట్టాం. వాటిలో చెప్పింది ఇదీ. అమెరికాలో 53 వేల మందికి పైగా జరిపిన పరీక్షల ఫలితాలు 2011లో వచ్చాయి. తక్కువ రేడియేషన్ సీటీ స్కాన్ ఏటా తీయించుకున్నవారిలో, ఎక్స్‌రే తీయించుకున్నవారికంటే, ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. వయసు 50 నుంచి 80 మధ్య ఉండి, రోజుకో ప్యాకెట్టు లెక్కన 20 ఏళ్లు కాల్చి, ఇప్పటికీ కాలుస్తున్నవారికి లేదా మానేసి 15 ఏళ్లు దాటనివారికి అక్కడ ఈ పరీక్ష సూచిస్తున్నారు.

మన దగ్గర ప్యాకెట్టు లెక్క కుదరదు. ఒక లంకలో పెద్దాయన రొంటిన దోపుకున్న సగం కాలిన చుట్ట తీసి చూపించి, "ఇది నిన్నటిదమ్మా, ఇవాళ ఇంకా వెలిగించలేదు" అన్నారు. పగ్గం పట్టిన వయసు నుంచీ అలవాటట. అందుకే మన కార్యకర్తలు, ఆశ అక్కలు ఎన్నేళ్లుగా, రోజుకెన్ని అని అడిగి రాసుకుని, ఆ కాగితం డాక్టరుగారికి ఇస్తున్నారు. స్కాన్ కావాలో వద్దో ఆయనే చెబుతారు.

అందరికీ స్కాన్ తీయించమని కొందరు సభ్యులు గట్టిగా కోరారు. నేను ఒప్పుకోలేదు. ఆ అమెరికా పరీక్షల్లో అనుమానం వచ్చిన స్కాన్లలో నూటికి 96 క్యాన్సర్ కాదని తేలాయి. పాత టీబీ మచ్చలు ఎక్కువగా ఉన్న మన దగ్గర భయం, ఖర్చు ఇంకా పెరుగుతాయి.

ఇక దగ్గు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు ఈ ముందస్తు పరీక్ష (స్క్రీనింగ్) కోసం ఆగకూడదు. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, తెమడలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. తెమడ పరీక్ష తప్పకుండా చేయించాలి. అందులో టీబీ లేదని వచ్చినా, మందులు వాడినా దగ్గు తగ్గకపోతే మళ్లీ డాక్టరుగారి దగ్గరికి వెళ్లి సీటీ గురించి అడగాలి. మన సభ్యుల ఇంట్లోనే ఒకాయన ఎక్స్‌రేలో నీడ చూసి ఇచ్చిన టీబీ మందులు నెలల తరబడి వాడారు. అసలు జబ్బు తెలిసేసరికి ఆపరేషనుకు వీలులేని దశ వచ్చింది.

కొబ్బరి డొక్కల పొయ్యి మీద నీళ్లు కాచే అమ్మల మాట మరవొద్దు. పొగాకు ముట్టకపోయినా పొయ్యి పొగ ఊపిరితిత్తులకు చేటే. వాళ్ల దగ్గును "వయసు" అని వదిలేయకండి.

లంకల నుంచి పంటు దాటి, బస్సెక్కి కాకినాడ, రాజమండ్రి వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. డాక్టరు రాసిన స్కాన్లకు వెళ్లేవారికి దారిఖర్చు సంఘమే ఇచ్చింది, తోడుగా ఒకరిని పంపింది. జబ్బు తేలినవారికి విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి దారి చూపుతున్నాం. పొగాకు మానాలనుకునేవారికి 1800-11-2356 ఫోన్ నంబరు ఉచితం.

వచ్చే ఏడాది దారిఖర్చుల నిధిని పెంచాలని తీర్మానం ప్రవేశపెడుతున్నాను. మీ ఇళ్లలో 50 దాటిన పొగ అలవాటున్నవారి పేర్లు దాళ్వా కోతలలోపు మీ వీధి ప్రతినిధికి ఇవ్వండి.

— కార్యదర్శి