చిన్నాకి, నువ్వడిగిన టోన్ సంగతి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నాన్నగారి షుగరు అదుపులోనే ఉంది. బుజ్జిదాని సీమంతం మాఘంలో పెట్టుకున్నారు, సెలవు ఇప్పుడే రాసిపెట్టుకో. కందిపొడి, నల్లకారం పార్సిల్ చేశాను. అందిందో లేదో నువ్వు చెప్పలేదు. నల్లకారం డబ్బాలో తడి చెంచా పెట్టకు, నాలుగు రోజుల్లో బూజు పట్టేస్తుంది.

దీపావళి తర్వాత నీ గొంతు వినలేదు. ఎప్పుడడిగినా "బానే ఉన్నా. బిజీ" అని మెసేజి. మొన్న గుంటూరు పిన్ని ఫోన్లో ఏదో అంది. ఆ సంగతి తర్వాత రాస్తాను. వేసవిలో నువ్వో ప్రశ్న అడిగావు. నీ ఇంగ్లీషు క్లాసులో తొమ్మిదో తరగతి పిల్లలు ఏ పద్యం ఇచ్చినా టోన్ కింద "శాడ్", మూడ్ కింద "శాడ్" రాస్తున్నారు, ఏం చెయ్యాలమ్మా అని. తీరిగ్గా రాస్తానన్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ప్రశ్న మార్చు. "ఈ పద్యం టోన్, మూడ్ ఏమిటి?" అని ఒకే వాక్యంలో అడిగితే ఒకే జవాబు వస్తుంది. తప్పు పిల్లలది కాదు. రెండు ప్రశ్నలు విడివిడిగా, వేరే వేరే రోజుల్లో అడుగు. మొదటిది: మాట్లాడుతున్నది ఎవరు, దేని గురించి, ఎలాంటి గొంతుతో? రెండోది: ఇక్కడ నిలబడితే నీకేమనిపిస్తుంది, ఏం చూసి అలా అనిపించింది? మొదటిది టోన్, రెండోది మూడ్. పేర్లు మూడో రోజు దాకా బోర్డు మీద రాయకు. పేరు ముందు చెబితే పిల్లలు పేరు బట్టీపట్టి పని వదిలేస్తారు.

మొదటి పీరియడ్ పూర్తిగా తెలుగులోనే చెయ్యి. ఇంగ్లీషు మాస్టారు తెలుగు మాట్లాడాడని ఎవరూ కొట్టరు. బోర్డు మీద ఒకే సంగతి రాయి: అల్లుడు వచ్చాడు. దాన్ని ఇలా మార్చుకుంటూ పో: "అల్లుడొచ్చాడట." "అల్లుడుగారు విచ్చేశారు." "వచ్చాడులే అల్లుడు." "పాపం, అల్లుడొచ్చాడు." "దిగబడ్డాడు అల్లుడు." "వచ్చాడమ్మా మహానుభావుడు." ఒక్కోటి ఎవరంటారో అడుగు. అత్తగారా, బావమరిదా, పక్కింటావిడా? పిల్లలు ఎగబడి చెబుతారు. సంగతి ఒక్కటే, మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మారినదల్లా "లే", "ట", "పాపం", "గారు", ఇంకా క్రియ. టోన్ ఆ చిన్న ముక్కల్లో ఉంటుంది. ఇది చేత్తో పట్టి చూపించాకే ఇంగ్లీషుకు వెళ్లు. అక్కడ "లే", "ట" లాంటి తోకలుండవు కాబట్టి క్రియలోనూ విశేషణంలోనూ వెతకాలని చెప్పు. కేమ్, అరైవ్‌డ్, టర్న్‌డ్ అప్, ఈ మూడూ ఇస్తే చాలు, తేడా వాళ్లే పట్టుకుంటారు.

రాత్రిళ్లు ఏం తింటున్నావు? మెస్సులో సాంబారు నీళ్లలా ఉంటే పెరుగన్నమైనా తిను. ఆరోగ్యం పాడుచేసుకుని పాఠం చెబితే గొంతు రాదు.

రెండో పీరియడ్‌కి నీకు పనికొచ్చే కథ ఒకటుంది. మీ తాతయ్యగారింటికి తంతి, అదే టెలిగ్రాం, వచ్చిన కథ. నీకు సగమే తెలుసు. పెద్ద మామయ్య అప్పుడు ఖరగ్‌పూర్ రైల్వేలో కొత్తగా చేరాడు. మిట్టమధ్యాహ్నం, తాతయ్య భోంచేసి అరుగు మీద నడుం వాల్చారు. తంతివాడు సైకిలు దిగి మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ రోజుల్లో ఇంటికి తంతి వచ్చిందంటే ఎవరో పోయారనే లెక్క. కాగితం విప్పకముందే అమ్మమ్మ కూలబడింది. ఎదురింటి వాళ్లొచ్చి పొయ్యిలో నిప్పార్పేశారు. ఎవరో ఆవిడ చేతికి మంచినీళ్లిచ్చారు. పెద్దత్తయ్య పుట్టింటికి మనిషిని పంపారు. చివరికి తాతయ్య చదివారు: "స్టార్ట్ ఇమ్మీడియెట్లీ." అంతే, రెండే మాటలు. ఇక ఇల్లంతా ఒకటే ఏడుపు. సాయంత్రానికి హౌరా మెయిలెక్కారు. దారి పొడుగునా అమ్మమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. ఖరగ్‌పూర్‌లో బండి దిగేసరికి ప్లాట్‌ఫారం మీద మామయ్య కొత్త చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. క్వార్టర్ ఇచ్చారట, గృహప్రవేశానికి మర్నాడే ముహూర్తమట. తంతికి మాటకింతని డబ్బు కట్టాలి కదా, అవసరమైన మాటలే రాశానన్నాడు. అమ్మమ్మ వాణ్ని అక్కడే రెండు దెబ్బలు వేసి, తర్వాత కావలించుకుని ఏడ్చింది.

ఈ కథ చెప్పి క్లాసుని అడుగు. ఆ రెండు మాటల్లో దుఃఖం ఉందా? లేదు. సంతోషం ఉందా? అదీ లేదు. మామయ్య డబ్బు మిగుల్చుకోవడానికి తీసేసిన మాటల్లో టోన్ పోయింది. మరి ఇంట్లో అంత భయం ఎక్కడినుంచి వచ్చింది? మిట్టమధ్యాహ్నం, మాట్లాడని తంతివాడు, అంతకుముందు విన్న చావు కబుర్లు. అది మూడ్. టోన్ ఖాళీగా ఉన్నా మూడ్ నిండుగా ఉండొచ్చు.

తంతి సేవ 2013 జులైలో ఆగిపోయింది, నీ పిల్లలు చూసి ఉండరు. అందుకని ముందు అదేమిటో రెండు ముక్కల్లో చెప్పి, తర్వాత పని ఇవ్వు. పాఠంలోంచి ఆరేడు వాక్యాల పేరా తీసుకుని 8 మాటల తంతిగా కుదించమను. కుదించాక రాలిపోయిన మాటలన్నీ పక్కన జాబితా రాయించు. రాలినవాటిలో మాట్లాడేవాడి మనసు తెలిపే వాటికి ఎర్ర పెన్సిల్. చోటు, వేళ, వెలుతురు, చప్పుడు తెలిపే వాటికి నీలం. ఎరుపు టోన్‌కి సాక్ష్యం, నీలం మూడ్‌కి. రెండు రంగులూ వేయాలనిపించే మాట ఒకటో రెండో వస్తాయి, వాటి మీద వాదించుకోనివ్వు, నువ్వు తీర్పు చెప్పకు. 45 నిమిషాల్లో ఒక్క పేరా అయితే చాలు. రెండో పేరాకి ఆశపడితే రంగులు వేయడం మొక్కుబడి అయిపోతుంది.

ఆ "బానే ఉన్నా. బిజీ" కూడా తంతిలాగే ఉంది చిన్నా. రెండు మాటలు పంపితే మిగతాది ఇక్కడ మేం నింపుకుంటున్నాం. నాన్నగారు పైకి అనరు గానీ రాత్రి రెండుసార్లు లేచి ఫోన్ చూస్తున్నారు.

మూడో పీరియడ్ మార్పిడి. ఒక మాట తీసుకో: "వచ్చేస్తుందిలే, కూర్చో." ఓదార్పు గొంతు. దీన్ని పట్టపగలు తిరునాళ్ల బస్సు కోసం నిలబడ్డ గుంపులో పెట్టు. చేతుల్లో బూరలు, జీళ్ల పొట్లాలు. తర్వాత అదే మాటని అర్ధరాత్రి బస్టాండులో పెట్టు. ఒకటే ట్యూబ్‌లైటు, అదీ కొట్టుకుంటూ ఉంది, టీకొట్టు మూసేశారు, ఆఖరి బస్సు టైము దాటిపోయింది. గొంతు అదే, కడుపులో గుబులు కొత్తగా వచ్చింది. ఇప్పుడు తిరగెయ్యి. అర్ధరాత్రి బస్టాండు అలాగే ఉంచి గొంతు మార్చమను: "బస్సు మహారాజుగారు ఇంకా వేంచేయలేదే!" వెటకారం వచ్చింది, చీకటి మాత్రం పోలేదు. ఒకటి కదిలినా రెండోది కదలదని చూసిన పిల్లవాడు ఇక రెండింటినీ కలపడు. బోర్డు మీద పేర్లు రాయాల్సింది ఇప్పుడు.

సినిమా పోలిక కూడా ఇక్కడే వాడుకో. డైలాగు చెప్పే తీరు టోన్, వెనక వాయించేది మూడ్. కాగితం మీద వాయిద్యాలుండవు కాబట్టి రచయిత ఆ పని వాక్యం పొడవుతోనూ వస్తువులతోనూ చేస్తాడని మర్చిపోకుండా చెప్పు.

మాటల కొరత ఇంకో ఇబ్బంది. పిల్లల దగ్గర హ్యాపీ, శాడ్, యాంగ్రీ తప్ప ఉండవు. రెండు ఖాళీలు ఇవ్వు. "ఆయన ___గా మాట్లాడాడు." "ఈ ఇల్లు ___గా ఉంది." వెటకారం, నిష్ఠూరం, గద్దింపు రెండోదానికి అతకవు. ఇంటికి అతకని మాట మూడ్ కాదు. ఇంగ్లీషులో కూడా అంతే, ఇల్లు గ్లూమీగా ఉంటుంది, సర్కాస్టిక్‌గా ఉండదు. దిగులు, గంభీరం, ప్రశాంతం లాంటివి రెండింటికీ అతుకుతాయి, పిల్లలు జారేది అక్కడే. ఆ మాట రాసినప్పుడు సాక్ష్యం అడుగు, ఎర్రదా నీలందా అని. వారానికి ఆరు మాటల కంటే ఎక్కువ ఇవ్వకు.

మొదటిసారి పేరా చదివేటప్పుడు గొంతులో ఏమీ కలపకుండా చదువు. నువ్వు గద్గదంగా చదివితే జవాబు నువ్వే చెప్పేసినట్టు. ఇంకో సంగతి, పాత్ర ఏడుస్తోంది కాబట్టి మూడ్ దుఃఖం అని రాస్తారు. పాత్ర ఏడుపు పాత్రది. మిఠాయి కింద పడిందని పెళ్లిలో ఏడ్చే పిల్లాడి వల్ల పెళ్లి విషాదం కాదు. "నాకు బోర్ కొట్టింది" అని రాసినా ఒప్పుకోకు, పాఠంలో వేలు పెట్టి చూపించగలిగిందే మూడ్.

టోన్, మూడ్ రెండూ ఒకటే అయిన పాఠంతో ఎప్పుడూ మొదలుపెట్టకు. విడిపోయేది కావాలి. మనవాళ్లకి గురజాడ పూర్ణమ్మ గేయం కంటే మంచిది లేదు. ముసలి మొగుడికి కట్టబెట్టిన పిల్ల, అత్తవారింటికి వెళ్లే ముందు అన్నదమ్ములతో చెప్పే మాటలు తీసుకో. అమ్మానాన్నలని చూసుకోండంటుంది, నలుగురూ కూర్చుని నవ్వే వేళ తన పేరు తలుచుకోమంటుంది, పుట్టే పిల్లల్లో ఒకదానికి తన పేరు పెట్టుకోమంటుంది. తండ్రిని ఒక్క మాట అనదు. గొంతులో ఉన్నది మమకారం, అప్పగింత. చదివేవాళ్లకి మాత్రం గుండె జారిపోతుంది, ఎందుకంటే తిరిగిరాని మనిషి మాటలవి. "టోన్ శాడ్" అన్నవాణ్ని ఆ మాటల్లో నింద ఒక్కటి చూపించమను. దొరకదు. ఎందుకు దొరకలేదో వాడే ఆలోచిస్తాడు.

పరీక్షకి వాక్యం చట్రం ఇవ్వు: "ఫలానా మాట వాడాడు కాబట్టి టోన్ ఇది. ఫలానా రెండు వస్తువులు కనిపిస్తున్నాయి కాబట్టి మూడ్ ఇది." మాటకి 1 మార్కు, సాక్ష్యానికి 1. సాక్ష్యం లేని సరైన జవాబుకి సగమే. పద్యం మధ్యలో గొంతు మారితే మారినచోట గీత గీసి రెండు జవాబులు రాయనివ్వు.

ఇప్పుడు పిన్ని చెప్పింది. తనిఖీకి వచ్చినాయన నీ క్లాసు చూసి, పిల్లలకు టోన్‌కీ మూడ్‌కీ తేడా తెలియడం లేదని పరిశీలన పుస్తకంలో రాశారట. నువ్వు రాజీనామా చేసి గ్రూప్స్‌కి చదువుతావట. కోచింగ్ కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌లో రూము కూడా వెతుకుతున్నావట. నిజమైతే మాకెందుకు చెప్పలేదు? ఒక్క పాఠం రాలేదని ఉద్యోగం వదులుకుంటారా ఎవరైనా? ఈ పాఠం పెద్ద క్లాసులకే కొరుకుడు పడదు, తొమ్మిదో తరగతికి ఒక్క పీరియడ్‌లో వస్తుందా? ఎదురుచెప్పడానికి రాయలేదు. గ్రూప్స్ రాయాలని నిజంగా ఉంటే రాయి, నాన్నగారు పుస్తకాలు కొనిస్తారు. అవమానంగా ఉందని మాత్రం వదలకు. సంక్రాంతి దాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

ఈ పీరియడ్లన్నీ అయ్యాక ఆరుగురు పిల్లల నోటుబుక్కులు ఫొటో తీసి పంపు. ఇద్దరు బాగా రాసేవాళ్లు, ఇద్దరు మధ్యరకం, ఇద్దరు అసలు రాయనివాళ్లు. ఎర్రగీతలూ నీలంగీతలూ స్పష్టంగా కనబడాలి, పగటి వెలుతురులో తియ్యి. రాయనివాళ్ల పుస్తకాలు ముందు పంపు, వాళ్లెక్కడ ఆగిపోయారో చూసి రాస్తాను. శనివారం రాత్రి ఎనిమిది తర్వాత ఫోన్ చెయ్యి, నాన్నగారు ఆ వేళకి ఖాళీగానే ఉంటారు. చలి మొదలైంది, మఫ్లర్ పార్సిల్‌లో కందిపొడి కింద పెట్టాను.

ఆశీస్సులతో,
అమ్మ