వార్షిక నివేదిక 2025-26: మనోడే కదా అని సంతకం పెట్టేముందు

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, పిల్లల తెలుగు క్లాసులు ఇవన్నీ ఎప్పట్లాగే జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూసే ఉంటారు. జమాఖర్చుల షీటు విడిగా పంపించాం, డౌట్లుంటే ట్రెజరర్ గారిని అడగండి. ఈ ఏడాది కొత్తగా మొదలుపెట్టింది ఆదివారం అగ్రిమెంట్ల క్లాసు, చాలామంది రాలేకపోయారు కాబట్టి ఇందులో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నా.

ఎందుకు పెట్టామంటే, మారతహళ్ళి, మున్నెకొళాల, కుందలహళ్ళి వైపు మనవాళ్ళు పీజీలు (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ళు) నడుపుతున్నారు, మెస్సులు పెడుతున్నారు, ఇళ్ళు లీజుకి తీసుకుంటున్నారు, చేబదుళ్ళు, ఇంకొకరి అప్పుకి పూచీ సంతకం పెట్టే షూరిటీలు, చీటీలు సరేసరి. గొడవయ్యాక కమిటీ దగ్గరికి వస్తారు, కాగితం ఏదండీ అంటే అందరిదీ ఒకటే మాట, మనూరోడే కదా అని రాసుకోలేదు. బయటివాడైతే వంద ప్రశ్నలు అడుగుతాం, అదే కడపో కావలో అనేసరికి మొహమాటం అడ్డొస్తుంది. నన్నడిగితే మనవాడితోనే ముందు కాగితం రాసుకోవాలి, బయటివాడితో చెడితే డబ్బే పోతుంది, మనవాడితో చెడితే వాళ్ళింట్లో పెళ్ళికి వెళ్ళాలా మానాలా అని కూడా ఆలోచించాల్సొస్తుంది.

క్లాసు చెప్పింది లాయరుగా ప్రాక్టీసు చేస్తున్న మన సభ్యుడే, ఫీజు తీసుకోలేదు, ఫిల్టర్ కాఫీతో సరిపెట్టుకున్నారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, ఇప్పటికీ అదే నడుస్తోంది. అందులో సెక్షన్ 10 ఒక్కటి అర్థమైతే సగం పనైనట్టే: ఇద్దరూ ఇష్టపడి ఒప్పుకోవాలి, మేజరై బుద్ధి సరిగా ఉన్నవాళ్ళై ఉండాలి, ఇచ్చిపుచ్చుకునేది ఏదో ఒకటి ఉండాలి, ఆ పని చట్టం ఒప్పుకునేదై ఉండాలి. మామూలుగా నోటిమాట కూడా ఒప్పందమే, కాకపోతే రేపు కోర్టులో రుజువు చేసుకోవడం దగ్గర చుక్కలు కనిపిస్తాయి. వాట్సాప్‌లో, మెయిల్లో ఒప్పుకున్నా చెల్లుతుంది, ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందాన్ని కొట్టెయ్యకూడదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెప్తోంది, కాబట్టి చాట్లు డిలీట్ చెయ్యకండి.

పీజీ నడిపే ఒక సభ్యుడు మంచి ప్రశ్న అడిగారు, పదిహేడేళ్ళ కుర్రాడు జాయినింగ్ ఫారం మీద సంతకం పెడితే చెల్లుతుందా అని. చెల్లదు. 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలంలో మనకి అన్నిటికంటే పై కోర్టు, తేల్చేసింది, కలకత్తాలో ఒక వడ్డీవ్యాపారి మైనరు ఆస్తి తనఖా పెట్టుకుని అప్పిచ్చాడు, ఆ తనఖా మొదటినుంచే చెల్లదన్నారు. తిండి, వసతి లాంటి అవసరాలకి ఇచ్చింది ఆ పిల్లాడి పేరున ఆస్తి ఉంటే అందులోంచి రాబట్టుకోవచ్చు అని కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 68 ఉంది, కానీ హాస్టల్ ఫీజు కోసం ఎవరు అంత దూరం వెళ్తారు, వాళ్ళ నాన్న సంతకం తీసుకోండి చాలు.

అన్నిటికంటే రసవత్తరంగా సాగింది ప్రోనోటు, అంటే అప్పు తిరిగిస్తానని రాసిచ్చే పత్రం, దాని మీద క్లాసు. ఒక సభ్యుడు వాళ్ళ తాతగారి నాటి ప్రోనోటు జెరాక్స్ పేర్లు కొట్టేసి తెచ్చారు, ముందువైపు రెవిన్యూ స్టాంపు, దాని మీదుగా అడ్డంగా సాగిన సంతకం, వెనక్కి తిప్పితే వరసగా చెల్లులు, ఫలానా తేదీన ఇంత ముట్టింది అని, ప్రతిదాని కింద అప్పు తీసుకున్నాయన సంతకం. ఆ చెల్లు ఎందుకు రాయిస్తారో ఇప్పటి పిల్లలకి తెలీదు. అడిగిన వెంటనే ఇస్తానని రాసిన నోటు మీద దావా వెయ్యడానికి రాసిన తేదీ నుంచి 3 ఏళ్ళే గడువు, ఆ లోపల కొంత కట్టి, కట్టినట్టు అప్పుదారు తన చేత్తో రాసినా, రాసినదాని కింద సంతకం పెట్టినా అక్కణ్ణించి మళ్ళీ కొత్తగా 3 ఏళ్ళు మొదలవుతాయి. అప్పిచ్చినవాడే వెనకాల రాసుకుని అప్పుదారు సంతకం లేకుండా ఉంచుకుంటే అది పనికిరాదు. ఇంకోటి, ఖాళీ నోటు మీద స్టాంపు అంటించి సంతకం పెట్టి ఇవ్వడం మనవాళ్ళకి బాగా అలవాటు, ఆ స్టాంపు విలువకి సరిపోయినంత మొత్తం ఎంతైనా నింపుకోమని మీరే అధికారం ఇచ్చినట్టు, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 సెక్షన్ 20 చదివి వినిపించాక హాల్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

షూరిటీ సంతకం సంగతీ అంతే. ఊరికే ఒక సంతకం బావా, ఫార్మాలిటీ అంటారు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 128 ప్రకారం, కాగితంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో షూరిటీ పెట్టినవాడికీ అంతే, బ్యాంకు ముందు వాడి వెంట పడి అక్కడ రాకపోతేనే మీ దగ్గరికి రావాలన్న రూలేమీ లేదు, సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పేసింది. మిమ్మల్ని అడక్కుండా వాళ్ళిద్దరూ అప్పు షరతులు మార్చుకుంటే మాత్రం ఆ తర్వాతి లావాదేవీలకి మీరు బాధ్యులు కారు, అది సెక్షన్ 133.

అద్దెల గురించి క్లుప్తంగా. 11 నెలల అగ్రిమెంటే ఎందుకంటే ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17. లక్షలకి లక్షలు ఒకేసారి కట్టి అద్దె లేకుండా ఉండే బెంగళూరు మార్కు లీజు తీసుకునేవాళ్ళు, సంతకం పెడుతున్నది అసలు ఓనరా, మధ్యలో ఉన్న ఏజెన్సీనా అనేది ముందు చూసుకోండి, డబ్బు ఓనర్ అకౌంట్లోకే వెయ్యండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరు చెప్పి నెల అద్దె కోసెయ్యడం మీద పెద్ద చర్చే జరిగింది. తమాషా ఏంటంటే మన సభ్యుల్లో సగం మంది ఇటు అద్దెకుంటారు, అటు సొంత ఫ్లాటు అద్దెకిస్తారు, ఏ కుర్చీలో కూర్చుంటే ఆ న్యాయం. కాగితంలో రాసుంటే కోసుకోవచ్చేమో గానీ రెండేళ్ళ కింద వేసిన రంగుకి పూర్తి డబ్బులు లాగడం నాకైతే సబబుగా అనిపించదు.

ఉద్యోగాల క్లాసుకి కుర్రాళ్ళు బాగా వచ్చారు. కంపెనీ మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదు అని రాయించుకుంటే మన దేశంలో మామూలుగా చెల్లదు, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27. కానీ ఇన్నేళ్ళు పనిచెయ్యాలి, లేదంటే డబ్బు కట్టాలి అని రాయించుకునే బాండ్లన్నీ చెల్లవు అని ఎవరైనా చెప్తే నమ్మకండి, 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు కేసులో 3 ఏళ్ళు నిండకుండా వెళ్ళిపోతే 2 లక్షలు కట్టాలన్న షరతుని సమర్థించింది. అలాగని కంపెనీ ఎంత అంకె వేస్తే అంత కట్టక్కర్లేదు, రాసుకున్న మొత్తం పైపరిమితి మాత్రమే, దానికి లోబడి సబబైన పరిహారమే ఇప్పిస్తారు, అది సెక్షన్ 74.

ఇక అసలు రగడ ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, డబ్బు కట్టి దొడ్డిదారిన తెచ్చుకునే బ్యాక్‌డోర్ జాబుల మీద. సర్కారీ ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు తీసుకునే ఒప్పందం చెల్లదని 1872 చట్టంలోనే సెక్షన్ 23 కింద ఉదాహరణగా రాసి పెట్టారు, అంటే అప్పటికే ఈ దందా ఉందన్నమాట. అబద్ధపు లెటర్ చూపించి ప్రైవేటు ఉద్యోగం సంపాదిస్తే అది మోసంతో తెచ్చుకున్న ఒప్పందం, కంపెనీకి ఎప్పుడు తెలిస్తే అప్పుడు రద్దు చేసే హక్కు ఉంటుంది. కొందరు పెద్దవాళ్ళే అందరూ చేస్తున్నారండీ, పిల్లోడికి ఒక దారి దొరుకుతుంటే మీరు నీతులు చెప్తారేంటి అన్నారు. వాళ్ళ బాధ అర్థమవుతుంది. కానీ అదే పీజీలో పక్క మంచం మీద పడుకునే ఫ్రెషర్, నిజం రాసిన రెజ్యూమే పట్టుకుని తిరిగేవాడు, వాడి సీటే కదా పోయేది. చివరికి అలాంటి కన్సల్టెన్సీల పోస్టులు మన గ్రూపులో, యాడ్లు మన సావనీర్లో వేసుకోకూడదని కమిటీ తీర్మానించింది. యాడ్ డబ్బులు కొంత తగ్గాయి, షీట్లో కనిపిస్తుంది.

కాగితం ఉంటే చాలనుకోవద్దని చెప్పడానికి హైదరాబాదు ఐటీ కంపెనీ సత్యం కథ ఒక క్లాసంతా నడిచింది, మన తెలుగువాళ్ళకి అది ఇంటి కథ లాంటిదే. ఆడిటర్ల సంతకాలున్నాయి, బోర్డులో పెద్ద పెద్దవాళ్ళున్నారు, అయినా 2009 జనవరి 7న చైర్మనే లెక్కలు పెంచి చూపించామని ఉత్తరం రాసేదాకా లోపలి బొక్క బయటపడలేదు, దాదాపు 7 వేల కోట్ల వ్యవహారం. దానికి కొద్ది వారాల ముందే, 2008 డిసెంబరులో, ఆ చైర్మన్ కుటుంబం చేతిలో ఉన్న మేటాస్ కంపెనీల్ని సత్యం డబ్బుతో కొనాలని చూశారు, వాటాదార్లు ఎదురుతిరిగితే గంటల్లోనే వెనక్కి తగ్గారు. ఇప్పుడు కంపెనీల చట్టం 2013 ప్రకారం డైరెక్టరుకి ఏదైనా డీల్‌లో సొంత లాభం ఉంటే ముందే బోర్డుకి చెప్పాలి.

మనది కంపెనీ కాదు, సంఘం. అయినా ఉగాది భోజనాల కాంట్రాక్టు దగ్గర ఇదే రూలు పెట్టాం, కొటేషన్ ఇచ్చినవాళ్ళలో కమిటీ సభ్యుడి బావమరిది ఒకరున్నారు, ఆ సభ్యుడు ముందే చెప్పి నిర్ణయం తీసుకునేటప్పుడు బయటికెళ్ళి కూర్చున్నారు. కాంట్రాక్టు ఇంకొకరికి వెళ్ళింది, ఆయనేమీ నొచ్చుకోలేదు. కేటరర్‌తో ఈసారి రాతపూర్వకంగా పెట్టుకున్నాం: మనిషికి రెండు బొబ్బట్లు, నెయ్యి విడిగా, మధ్యాహ్నం 12కి మొదటి పంక్తి, తలలు పెరిగితే ప్లేటుకి ఎంత, వానొచ్చి హాలు మారితే రవాణా ఎవరిది, అన్నీ. అంతకుముందు ఏడాది రెండో పంక్తికే పులిహోర నిండుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు ఎన్ని ప్లేట్లకి మాట్లాడుకున్నామో తేల్చడానికే వారం పట్టింది. ఈసారి మిగిలింది కూడా. బిల్లు మర్నాడే కట్టేశాం. సొంత కంపెనీలున్న సభ్యులు చిన్న వెండర్లని నెలల తరబడి తిప్పకండి, రిజిస్టరైన చిన్న సంస్థకైతే కాగితం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ, చిన్న సంస్థల కోసం తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం 2006.

వచ్చే ఏడాదికి అద్దె అగ్రిమెంటు నమూనా ఒకటి తెలుగులో, కన్నడలో తయారు చెయ్యాలని ఉంది, కన్నడ బాగా వచ్చినవాళ్ళు ముందుకు రండి. క్లాసులకి మీ అగ్రిమెంట్లు తెచ్చుకోవచ్చు, ఆధార్ నంబర్లు, అకౌంట్ నంబర్లు కొట్టేసిన జెరాక్సే తేవాలి. బంధువుల కొటేషన్ ముందే చెప్పాలన్న రూలుని బైలాలో చేర్చడం మీద సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంది, దాన్ని భోజనాలకి ముందే పెడుతున్నాం, విస్తరి లేచాక కోరం నిలవదని మనందరికీ తెలిసిందే.

కార్యదర్శి