మూసీ నీళ్ల నమూనాలకు దారి చూపినవాళ్లకు కృతజ్ఞతలు

పిల్లాయిపల్లి కత్వ (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) కింద వరి వేసే రైతులకు, ప్రతాపసింగారం వైపు పారాగడ్డి కోసే అక్కలకు, చేపలు పట్టే అన్నలకు, రజక సోదరులకు మా నీటి పరీక్షల బృందం తరఫున మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. నమూనా ఎక్కడ తీయాలో, ఎప్పుడు తీయాలో మీరు చెప్పిన మాటే ఈ పనికి ఆధారమైంది.

నురగ కత్వ దిగువనే కనిపిస్తుంది కాబట్టి ఎవరి చూపైనా అటే పోతుంది. కానీ నీళ్లు దూకేచోట గాలి కలిసి నీటిలో కరిగిన ఆక్సిజన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అక్కడ సీసా ముంచితే నది బాగుపడ్డట్టే అంకె వస్తుంది. ఎగువన, నడి ప్రవాహంలో తీయమన్నది రైతులే.

వేళ సంగతి చేపల అన్నలు చెప్పారు: చేపలు పైకి తేలి నోళ్లు తెరిచేది తెల్లారేముందు. పగలు నాచు ఎండకు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రంతా ఆ నాచూ, మురుగులోని సూక్ష్మజీవులూ కలిసి దాన్ని వాడేస్తాయి. మిట్టమధ్యాహ్నపు అంకె ఒక్కటే చూస్తే ఆ కొరత కనబడదు. ఇప్పుడు రెండు వేళల్లోనూ తీస్తున్నాం.

సీసాలు పట్టిన పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటిలోపలే నింపి, ఒక్క బుడగ లేకుండా మూతపెట్టారు. నీటిలోని ఆక్సిజన్‌ను మడ్డిగా పట్టి ఉంచే రసాయనాలు, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్, చెరి 2 మిల్లీలీటర్లు ఒడ్డునే కలిపారు. ఇంటికి తెచ్చాక కలుపుదామంటే దారిలోనే ఆక్సిజన్ మారిపోతుంది. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టే.

బీఓడీకి, అంటే నీటిలోని మురుగును తినేందుకు సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడతాయో కొలిచే పరీక్షకు, ఇంక్యుబేటర్‌లో (వేడిని ఒకేలా ఉంచే పెట్టెలో) చోటిచ్చిన కాలేజీ ల్యాబ్ వాళ్లకూ రుణపడ్డాం. 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచాలి. మురుగు నమూనాను పలుచన చేయకపోతే మధ్యలోనే ఆక్సిజన్ అయిపోయి, అసలుకన్నా తక్కువ అంకె వస్తుంది. ఒకే నమూనాను మూడు రకాలుగా పలుచన చేసి పెట్టమన్న వాళ్ల సలహా చాలా విలువైనది.

స్నానానికి పనికొచ్చే నీటిలో ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ 3 దాటకూడదు. ఈ రెండు గీతల పక్కనే ప్రతి ఊరి అంకెనూ తెలుగులో రాసి పంచాయతీ దగ్గర అంటిస్తాం. మీ కంటికి కనబడేదానికీ, కాగితం మీది అంకెకూ పొత్తు కుదరకపోతే వెంటనే చెప్పండి, ఆ చోట మళ్లీ తీస్తాం.