తాళం పగలగొట్టినవాళ్లను మాత్రమే అడిగితే ఎలా?

ఎడిటర్ గారికి,

ప్రభుత్వం పేదలకు కట్టి లాటరీలో కేటాయించే డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఖాళీగా ఉంటే, వాటి తాళాలు పగలగొట్టి దిగినవాళ్లను అందరూ కబ్జాదారులంటున్నారు. నేను ఎలక్ట్రీషియన్‌ని. బోరబండలో ఒకే గదిలో నలుగురం అద్దెకుంటున్నాం. తాళం పగలగొట్టడం తప్పే. లాటరీలో పేరొచ్చినవాడి నోటికాడి కూడు లాక్కోవడమే అది. కానీ కట్టిన ఇళ్లను కేటాయించకుండా వదిలేస్తే ఏమవుతుందో పనిలో చూశాను. గోడల్లోంచి రాగి తీగ లాగేస్తారు, స్విచ్ బోర్డులు ఊడదీస్తారు, మోటార్లు మాయమవుతాయి. మళ్లీ వైరింగ్‌కి మమ్మల్నే పిలుస్తారు. మనుషులున్న ఇంట్లో తీగ ఎవడూ పీకడు కదా!

2011 జనగణనలో దేశంలోని పట్టణాల్లో కోటీ 10 లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా తేలాయి. మరుసటి ఏడాది కేంద్రం వేసిన నిపుణుల బృందం పట్టణాల్లో కోటీ 87 లక్షలకు పైగా ఇళ్ల కొరత ఉందని చెప్పింది.

ఇక ప్రైవేటు ఫ్లాట్ల ఓనర్లకైతే, అద్దెకిస్తే 12 ఏళ్లకు ఇల్లు అందులో ఉన్నవాడిదైపోతుందని భయం. ఆ గడువు ఓనరు అనుమతి లేకుండా, బహిరంగంగా ఉన్నవాడి సంగతి. ప్రభుత్వ ఆస్తికైతే అది 30 ఏళ్లు. అగ్రిమెంటు రాసుకుని అద్దెకిస్తే ఆ టెన్షన్ అక్కర్లేదు. పైగా హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీగా ఉంటే ఆస్తి పన్నులో సగం రాయితీ అడగొచ్చు! ముందు అది తీసేయండి.

ప్రభుత్వ బ్లాకుల దగ్గర ఎన్ని ఇళ్లు ఖాళీ, ఎందుకు ఖాళీ అని బోర్డు పెట్టండి. ఆరు నెలల్లో కేటాయించలేకపోతే అద్దెకైనా ఇవ్వండి. అద్దె కట్టడానికి మాలాంటివాళ్లు చాలామందే ఉన్నారు.

– ఒక ఎలక్ట్రీషియన్, బోరబండ, హైదరాబాద్