అన్నిటికీ ఒకటే ‘సారాంశం’ అయితే ఎలా?

సంపాదక మహాశయులకు,

నమస్కారం. గత ఆదివారం మీ పత్రిక నగర సంచికలో ఒకే పేజీలో ‘కీలక తీర్పు’, ‘కీలక మలుపు’, ‘కీలక భేటీ’, ‘కీలక వ్యాఖ్యలు’ కనిపించాయి. నగరంలోని ఓ కోర్టులో 26 ఏళ్లు అనువాదకుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. మాట కింద గీత పెట్టే అలవాటు ఇంకా పోలేదు. నాలుగింటికీ గీతలు పెట్టాను. కీలకం అంటే మేకు, గడియ. గోడ నిండా మేకులే ఉంటే ఏది పీకితే కప్పు కూలుతుందో చదివేవాడు ఎలా కనిపెడతాడు?

అయితే ఈ ఉత్తరం రాయించింది మీ పత్రిక కాదు, ఓ నోటీసు.

గత నెల బాగ్‌లింగంపల్లిలో మా అపార్ట్‌మెంటు గోడకు ఓ కార్యాలయం వాళ్లు నోటీసు అంటించి వెళ్లారు. రెండు పేజీల ఇంగ్లిష్, దాని వెనక ఒక పేజీ తెలుగు. తెలుగు పేజీ నెత్తిన లావుపాటి అక్షరాలతో ‘సారాంశము’ అని ఉంది. దాని కింద ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ జీవో, ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా’ వగైరా. మా వాచ్‌మన్ దాన్ని రెండుసార్లు చదివి నా దగ్గరికి వచ్చాడు. “సార్, గిదంతా సరే గానీ, అసలు ముచ్చటేంది?” అన్నాడు.

అసలు ముచ్చట ఏమిటంటే, 15 రోజుల్లో జవాబివ్వకపోతే మా పార్కింగ్ షెడ్డు తీసేస్తారు. ఆ మాట ఇంగ్లిష్ రెండో పేజీలో, కింది నుంచి మూడో పేరాలో ఉంది. తెలుగు సారాంశంలో లేనే లేదు. అప్పటికే ఆరు రోజులు గడిచిపోయాయి.

రాసిన గుమాస్తాను నేను తిట్టను. ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఇంగ్లిష్‌లో ఒక విషయం లోపలి అసలు భాగాన్ని చెప్పడానికి పది మాటలుంటే పదింటికీ మేం ‘సారాంశం’ అనే రాసేవాళ్లం. జిస్ట్, క్రక్స్, ఎసెన్స్, పిత్, కోర్, కెర్నెల్, క్వింటెసెన్స్ అన్నీ అందులోకే. తప్పని ఎవరూ అనరు. కానీ ఆ మాటలు ఒక్కొక్కటీ ఒక్కో చోటి నుంచి వచ్చాయి, ఒక్కో పని చేస్తాయి.

జిస్ట్ అసలు కోర్టు మాటే. ఇంగ్లండు కోర్టుల్లో ఒకప్పుడు వాడిన ఫ్రెంచి నుంచి వచ్చింది. ఈ దావా ఫలానా దాని మీద నిలబడి ఉంది అని చెప్పడానికి ఆ మాట వాడేవారు. తర్వాత బజారులోకి వచ్చి, చెప్పినదంతా కుదించి చెప్పడం అనే అర్థం తెచ్చుకుంది. దీనికి మనకు బంగారం లాంటి మాట ఉంది: పిండితార్థం. సంస్కృతంలో పిండితం అంటే ముద్ద చేసింది. మన చెవికి మాత్రం తడిబట్ట పిండినట్టు వినిపిస్తుంది. అదీ బాగానే ఉంది.

క్రక్స్ అలా కాదు. లాటిన్‌లో దాని అర్థం శిలువ. పాత గ్రంథాల్లో ఎంత తన్నుకున్నా కొరుకుడు పడని చోటును పండితులు అలా పిలిచేవారు. అంటే క్రక్స్ కుదింపు కాదు, చిక్కు. తెలుగులో పీటముడి అంటే సరిపోతుంది. ‘సమస్య సారాంశం’ అని రాస్తే సమస్యను నాలుగు ముక్కల్లో చెప్పారనుకుంటాం. ‘సమస్యలోని పీటముడి ఇదీ’ అని రాస్తే ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. మా నోటీసులో పిండితార్థం ఒక పేజీ ఉంది, పీటముడి మాత్రం లేదు.

ఎసెన్స్ సంగతి మరీ తమాషా. మన వంటిళ్లలో ఎసెన్స్ అంటే వెనీలా సీసా, పైనాపిల్ సీసా. పండు లేకుండా పండు వాసన! నిజానికి ఆ మాట లాటిన్‌లో ‘ఉండు’ అనే క్రియ నుంచి పుట్టింది. మన సత్త్వం కూడా సరిగ్గా అలాగే ‘సత్’ నుంచి వచ్చింది, ‘సత్’ అంటే ఉన్నది. ఇంట్లో అనే సత్తువ దాని బిడ్డే. ఏది తీసేస్తే ఆ వస్తువు ఇక ఆ వస్తువు కాదో అది ఎసెన్స్. హోర్డింగుల మీద ‘ఎసెన్స్ ఆఫ్ లివింగ్’ అని చూసినప్పుడల్లా నాకు ఆ సీసాలే గుర్తొస్తాయి.

క్వింటెసెన్స్ అంటే ‘ఐదో సారం’. మట్టి, నీరు, నిప్పు, గాలి కాక ఆకాశంలోని వాటికి ఐదో పదార్థం ఉందని అరిస్టాటిల్ అన్నాడు. తర్వాతి రోజుల రసవాదులు దాన్ని బట్టీల్లో దింపాలని చూశారు. పంచభూతాలు ఎరిగిన మనకు ఇది కొత్తేం కాదు.

నన్ను సర్వీసంతా వేధించింది పిత్. రాజ్యాంగ కేసుల్లో ‘పిత్ అండ్ సబ్‌స్టెన్స్’ అని ఒక సూత్రం వస్తుంది. ఒక చట్టం రాష్ట్ర జాబితాలోదా, కేంద్ర జాబితాలోదా అని తగువు వచ్చినప్పుడు అది పక్కవాడి గట్టు కాస్త తొక్కిందా అని కాక, దాని లోపలి అసలు విషయం ఏమిటని చూడాలంటుంది ఈ సూత్రం. బొంబాయి రాష్ట్రం 1949లో తెచ్చిన మద్యనిషేధ చట్టం మీద సుప్రీంకోర్టు 1951లో ఇచ్చిన తీర్పు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. విదేశాల నుంచి సరుకు దిగుమతి కేంద్రం పని, మద్యం రాష్ట్రం పని. చట్టం అసలు విషయం మద్యమే కాబట్టి, దిగుమతుల మీద కొంచెం ప్రభావం పడినా చెల్లుతుందన్నారు. కొన్ని నిబంధనలు కొట్టేసినా చట్టం నిలబడింది.

ఇప్పుడు దీన్ని తెలుగు చేయండి. పిత్ అంటే కాండం మధ్యలో ఉండే మెత్తటి భాగం. మాటకు మాట చూస్తే మనకు బెండు వస్తుంది. బెండు అంటే తేలిక, బరువు లేనిది. ‘చట్టం బెండు’ అని రాస్తే జడ్జిగారు నన్నే బెండు కింద లెక్కగట్టేవారు! అరటి దూట అందామంటే కూర గుర్తొస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు మెత్తటి నడిభాగంలో బలం చూశారు, మనం చెట్టు నడుమ గట్టిపడ్డ భాగంలో చూశాం. దాన్ని చేవ అన్నాం. చేవగల కర్ర, చేవగల మనిషి. ‘ఈ చట్టం చేవ మద్యనిషేధమే’ అని రాస్తే చదువురాని రైతుకు కూడా అర్థమవుతుంది. ఒకసారి అలా రాసి పంపాను. పైఅధికారి కొట్టేసి ‘సారాంశం’ అని దిద్దారు.

మా సెక్షన్‌లో ఉర్దూ అనువాదకుడు ఒకాయన ఉండేవారు. నిజాం కాలం నాటి భూమి కాగితాలు వస్తే ఆయనే దిక్కు. ఉర్దూవాళ్లకు ‘లుబ్బె లుబాబ్’ అని ఒక మాట ఉంది. లుబ్ అంటే గింజలోని పప్పు. పప్పులోని పప్పు అన్నమాట. ఇంగ్లిష్ కెర్నెల్ కూడా అదే కదా, మాదాపూర్ పిల్లలు కంప్యూటర్‌లో చెప్పే కెర్నెల్‌తో సహా. ‘ఖులాసా’ అన్నా వాళ్లకు సారాంశమే. ఆయన నన్ను “భాయ్, ఖులాసా చెప్పు” అని అడిగితే, మొదటి రోజుల్లో నేను “కులాసాయే” అని జవాబిచ్చేవాణ్ని. ఇక ఎముక లోపలి మూలుగ సంగతి చార్మినార్ దగ్గర పొద్దున్నే నల్లీ నిహారీ తినేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇన్ని మాటలు తిరిగే ఊళ్లో కూర్చుని మేం ఒక్క సారాంశంతో సరిపెట్టాం.

మన పాతవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. పెద్ద స్తోత్రాల ముందు చదివే న్యాసంలో బీజం వేరు, శక్తి వేరు, కీలకం వేరు. ఏది మొలకెత్తిస్తుంది, ఏది నడిపిస్తుంది, ఏది బిగించి ఉంచుతుంది అని విడివిడిగా చెప్పుకున్నారు. ఆ మూడో మాటనే మీరు రోజూ ప్రతి సమావేశానికీ తగిలిస్తున్నారు.

తెలుగులో కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది న్యాయమూర్తులు విని, 7-6 తేడాతో, పార్లమెంటు సవరణతో కూడా చెరపలేనిదని చెప్పిన ‘బేసిక్ స్ట్రక్చర్’ను మన పత్రికలు ‘రాజ్యాంగ మౌలిక స్వరూపం’ అన్నాయి. ఎంత చక్కగా కుదిరింది! ఇప్పుడు టీవీ చర్చల్లో కూడా ఆ మాటే వాడతారు. అక్కడ ఎవరూ ‘రాజ్యాంగ సారాంశం’ అనలేదు. అని ఉంటే రాజ్యాంగాన్ని పరీక్షల గైడు చేసినట్టుండేది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఓ ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చినప్పుడు ఆ కాగితాన్ని నేను ఎంతో ఇష్టంగా చదివాను. తీర్పుల అనువాదానికి సుప్రీంకోర్టు 2019 నుంచే కంప్యూటర్ సాయం తీసుకుంటోంది. మంచిదే. కానీ కంప్యూటర్ ఇచ్చిన తెలుగును సరిచూసే మనిషి ముందు పది మాటలుండాలి, ఒక్కటి కాదు.

అందుకని మీకు రెండు విన్నపాలు. తీర్పులు, జీవోలు వేసేటప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి మూడు వాక్యాలు రాయించండి: మొత్తం విషయం ఏమిటి, పీటముడి ఎక్కడుంది, పాఠకుడు ఏ తేదీలోపు ఏం చేయాలి. రెండోది, ‘కీలక’ అనే మాటను రోజుకు ఒక వార్తకే వాడమని మీ డెస్కువారికి చెప్పండి. సబ్‌ఎడిటర్లు నన్ను తిట్టుకుంటారని తెలుసు.

నోటీసులు రాసే కార్యాలయాలు కూడా ఈ ఉత్తరం చూస్తే సంతోషం. గడువు తేదీ మొదటి లైనులో, తెలుగులో ఉండాలి. చట్టం పేరు, సెక్షను తర్వాత వచ్చినా కొంపలేం మునగవు.

మా షెడ్డుకు జవాబు పన్నెండో రోజున ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. ఆ నోటీసు వెనక నేను రాసిపెట్టిన నాలుగు లైన్లను మా వాచ్‌మన్ లిఫ్టు పక్కన అంటించాడు. పైన తనే స్కెచ్ పెన్నుతో ‘అసలు ముచ్చట’ అని రాశాడు.

ఇట్లు,
ఓ విశ్రాంత కోర్టు అనువాదకుడు,
బాగ్‌లింగంపల్లి, హైదరాబాద్.