మంత్రి గారూ, రెండో దశకు ముందు మా పని ఒకసారి చూడమనండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. మా ఆసుపత్రిలో ఇప్పటికే నడుస్తున్న, రోగుల నమోదు, పరీక్షలు, అడ్మిషన్లు అన్నీ కంప్యూటర్‌లోనే చేయించే ఆన్‌లైన్ విధానాన్ని రెండో దశలో మిగతా ఆసుపత్రులకూ విస్తరిస్తామని మీరు ప్రకటించారు. అది చూశాకే ఈ లేఖ బహిరంగంగా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవన్నీ సూపరింటెండెంట్ గారి ద్వారా, పద్ధతి ప్రకారం పైకి పంపినవే. వేటికీ జవాబు రాలేదు. హెల్ప్‌డెస్క్‌కు పెట్టిన ఫిర్యాదులకు టికెట్ నంబర్లు వచ్చాయి. కొన్నాళ్లకు "పరిష్కారమైంది" అని వాటిని మూసేశారు. ఏం పరిష్కరించారో మాకు ఇప్పటికీ తెలియదు. స్క్రీన్ మాత్రం ఎలా ఉండేదో అలాగే ఉంది.

నేను వైద్య రికార్డుల విభాగంలో ఉద్యోగిని. ఓపీ కౌంటరు, క్యాజువాలిటీ కౌంటరు, కేసు షీట్ల గది మా విభాగం కిందికే వస్తాయి. చదువుకునే రోజుల్లో సిస్టమ్స్ ఎనాలిసిస్ అండ్ డిజైన్, అంటే ఒక పని ఎలా నడుస్తుందో పరిశీలించి దానికి తగ్గ కంప్యూటర్ విధానాన్ని రూపొందించడం, ఒక సబ్జెక్టుగా చదివాను. ఆన్‌లైన్ వస్తోందని తెలిసినప్పుడు మా దగ్గర అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే. రోగి ఎదురుగా నిలబడి ఉంటే, పాత కేసు షీటు దొరక్క అల్మారాలన్నీ వెతికే అవస్థ మాకు తెలుసు. కాబట్టి, పాతదే బాగుందనే వాళ్ల గోలల్లో ఇదీ ఒకటని మీ పేషీలో పక్కన పెట్టొద్దని వేడుకుంటున్నాను. మా పని ఎలా నడుస్తుందో ఎవరూ చూడకుండానే ఈ సాఫ్ట్‌వేర్ తయారైంది. నా ఫిర్యాదంతా అదే.

మొబైల్ నంబరు సంగతే తీసుకోండి. కొత్త రోగిని నమోదు చేయాలంటే మొబైల్ నంబరు కొట్టాల్సిందే, లేకపోతే స్క్రీన్ ముందుకు కదలదు. ఆ నంబరు మీద అంతకుముందే ఎవరైనా నమోదై ఉంటే, వచ్చినవాళ్లు కూడా వాళ్లేనని అనుకుని పాత రిజిస్ట్రేషన్ నంబరే ఇచ్చేస్తుంది. ఇంటికంతటికీ ఒకే ఫోను ఉంటే ఆ ఇంట్లో వాళ్లంతా సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఒకే మనిషి. అత్తగారి షుగర్ పరీక్ష కోడలి ఫైల్లో కనిపిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు పేరే ఉండదు, ఇక ఫోనెక్కడిది? తల్లి నంబరు కొడతాం, బిడ్డ తల్లిలో కలిసిపోతుంది. కవలలైతే ముగ్గురూ కలిసి ఒక్కరవుతారు. పీటర్ చెన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, సమాచారంలో ఎవరెవరు, ఏవేవి ఉన్నాయో, వాటి మధ్య సంబంధాలేమిటో గీసుకునే ఎంటిటీ రిలేషన్‌షిప్ పద్ధతిని 1976లో ప్రచురించారు. అందులో తప్పక వేసుకోవాల్సిన ప్రశ్న, ఒక మనిషిని ఇంకొకరి నుంచి వేరుగా గుర్తుపట్టేది దేనితో అని. ఫోను నంబరు మారుతుంది, పోతుంది, నలుగురు వాడతారు, కొందరికి అసలుండదు. అది మనిషిని పిలవడానికి పనికొస్తుంది కానీ గుర్తించడానికి పనికిరాదు. ఈ మాట చెప్పడానికి పెద్ద నిపుణులు అక్కర్లేదు, మా కౌంటర్లో వారం కూర్చున్న ఎవరైనా చెబుతారు.

ఇది కాగితాల ఇబ్బందే అని మీకు అనిపించవచ్చు. అందుకే ఒక రాత్రి జరిగింది చెబుతాను. రోడ్డు ప్రమాదంలో స్పృహ కోల్పోయిన ఇద్దరు మగవాళ్లను కొద్ది నిమిషాల తేడాతో క్యాజువాలిటీకి తీసుకొచ్చారు. వెంట ఎవరూ లేరు, జేబుల్లో ఏమీ లేవు. రిజిస్ట్రేషన్ నంబరు లేనిదే ల్యాబ్ శాంపిల్ తీసుకోదు. కౌంటర్లో ఉన్న అబ్బాయి మొబైల్ గడిలో అన్నీ తొమ్మిదులు కొట్టి, పేరు దగ్గర "అన్‌నోన్" అని రాసి మొదటి మనిషికి నంబరు తెచ్చాడు. రెండో మనిషికీ అవే తొమ్మిదులు కొట్టాడు, ఇంకేం కొడతాడు? "ఈ రోగి ఇప్పటికే నమోదై ఉన్నారు" అని స్క్రీన్ అదే నంబరు ఇచ్చింది. బ్లడ్ గ్రూపింగుకు రెండు ట్యూబులూ ఒకే నంబరుతో వెళ్లాయి. అయితే స్టాఫ్ నర్సు అంతకు ముందే ప్లాస్టర్ ముక్కల మీద పెన్నుతో ఒకటి, రెండు అని రాసి ఇద్దరి మణికట్లకూ, ట్యూబులకూ అంటించింది. బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌కు ఒకే రోగి నంబరు మీద రెండు వేర్వేరు గ్రూపులు వచ్చాయి. అతను ట్యూబుల మీది ప్లాస్టర్ చూసి, అనుమానం వచ్చి ఫోన్ చేశాడు. ఒకరికి ఎక్కాల్సిన రక్తం ఇంకొకరికి ఎక్కకుండా ఆపింది ఆ ప్లాస్టర్ ముక్కలే, మంత్రి గారూ.

మర్నాడే అంతా రాసి పంపాం. వచ్చిన ఆదేశం ఏమిటంటే, మొబైల్ నంబర్లు సరైనవే నమోదు చేయాలని, తప్పుడు నంబర్లు కొట్టిన సిబ్బందిపై చర్య తీసుకుంటామని. స్పృహ లేని మనిషిని నంబరు ఎలా అడగాలో మాత్రం అందులో రాయలేదు. ఆ అబ్బాయికి మెమో ఇచ్చారు. రాత్రంతా నిలబడి పనిచేసిన పిల్లవాడు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికొస్తే ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సాఫ్ట్‌వేర్ తయారీకి ముందు వివరాలు సేకరించడానికి ఒక బృందం వచ్చింది, కాదనను. కాన్ఫరెన్స్ హాల్లో అధికారులతో మాట్లాడారు. మా దగ్గరున్న ఫారాలు తలా ఒక ఖాళీ కాపీ తీసుకుని వెళ్లిపోయారు. నింపిన ఫారం ఒక్కటి కూడా అడగలేదు. పని కనిపించేది నింపిన ఫారంలోనే కదా? మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసిన రాతలు, కొట్టివేతలు, వెనక పిన్ను చేసిన చీటీలు, "డాక్టరు గారు ఫోన్‌లో చెప్పారు" అని సంతకం పెట్టిన మాటలు. వివరాల సేకరణకు ఇంటర్వ్యూ, ప్రశ్నావళి, పత్రాల పరిశీలన, పని జరిగే చోట నిలబడి చూడటం అని ఈ సబ్జెక్టులో మొదటి పాఠాల్లోనే చెబుతారు. పనిచేసే మనిషిని అడిగితే నియమం చెబుతాడు. పక్కన కూర్చుని చూస్తేనే నియమం ఎక్కడ కుదరదో తెలుస్తుంది. ఆ బృందం పగటిపూట వచ్చి పగటిపూటే వెళ్లింది. రాత్రి డ్యూటీ ఎలా ఉంటుందో వాళ్లకు ఎవరు చెప్పారు?

వాళ్లు చేయని పని చివరికి మేమే చేశాం. నేను, ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ డ్యూటీ అయ్యాక కూర్చుని క్యాజువాలిటీ నుంచి డిశ్చార్జి దాకా డేటా ఫ్లో డయాగ్రాములు, అంటే ఏ సమాచారం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో చూపే పటాలు, గీశాం. 1970ల చివర్లో టామ్ డిమార్కో లాంటి సాఫ్ట్‌వేర్ నిపుణులు స్థిరపరిచిన పద్ధతే. మొదట ఇప్పుడు నడుస్తున్న పనిని ఉన్నదున్నట్టు గీయాలి. తర్వాత ఏ మనిషి, ఏ కాగితం అన్నవి తీసేసి అసలు ఏం జరగాలన్నది మాత్రం మిగల్చాలి. కొత్త విధానం ఆ తర్వాతే. గీస్తూ ఉంటే అధికారులెవరికీ తెలియని పుస్తకం ఒకటి బయటపడింది. క్యాజువాలిటీ కౌంటరు సొరుగులో ఉండే పెండింగ్ పుస్తకం అది. ఇంకా పేరు తెలియనివాళ్లు, మంచం దొరక్క ట్రాలీ మీదే ఉన్నవాళ్లు, శాంపిల్ వెళ్లింది కానీ డాక్టరు ఆర్డరు ఇంకా రాయనివాళ్లు, అందరూ అందులోనే ఉంటారు. డ్యూటీ మారేటప్పుడు మొదట చేతులు మారేది ఆ పుస్తకమే. దానికి సాఫ్ట్‌వేర్‌లో చోటే లేదు. ఆర్డరు లేనిదే శాంపిల్ నమోదు కాదు, మంచం నంబరు లేనిదే అడ్మిషన్ కాదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ముందు రక్తం తీస్తారు, రాత తర్వాత. అందుకని సొరుగులో పుస్తకం అలాగే ఉంది, పైన స్క్రీనూ ఉంది, పని రెండింతలైంది. ఆ పటాలు కూడా పైకి పంపాం. వాటికీ జవాబు లేదు.

మీ సమీక్షా సమావేశాల్లో, ఆసుపత్రుల లెక్కలన్నీ ఒకే చోట చూపే డ్యాష్‌బోర్డు స్క్రీను అంతా సజావుగా ఉన్నట్టు పచ్చగా కనిపిస్తోందట. దయచేసి ఒక్క మాట వినండి. ఆ పచ్చదనంలో మేం గత్యంతరం లేక కొట్టిన తొమ్మిదులు ఉన్నాయి, లేని మంచాల నంబర్లు ఉన్నాయి. గడి నిండిందా లేదా అన్నదే అది లెక్కపెడుతోంది. దాన్ని నమ్మి మీరు మందులు, మంచాలు, సిబ్బంది కేటాయిస్తే నష్టపోయేది రోగులే.

ఇలాంటివి చూసిన దేశాలు ఉన్నాయి. 1992 అక్టోబరు 26న లండన్ అంబులెన్స్ సర్వీసు, ఏ బండి ఎక్కడికి వెళ్లాలో కంప్యూటరే చెప్పే విధానాన్ని నగరమంతటా ఒక్కసారిగా మొదలుపెట్టింది. ప్రతి బండీ ఎక్కడుందో, ఖాళీయో కాదో తనకు ఎప్పుడూ సరిగ్గా తెలుస్తుందన్న ధీమా మీద ఆ సాఫ్ట్‌వేర్ నిలబడింది. బండ్లలో సిబ్బంది బటన్లు నొక్కే తీరు అలా లేదు. ఒకే చోటికి రెండేసి బండ్లు వెళ్లాయి, కొందరు గంటల తరబడి ఎదురుచూశారు. మర్నాటికే సగం పని చేతిరాతకు మళ్లింది. నవంబరు 4న మొత్తం ఆగిపోయి కాగితాల మీదికి వచ్చేశారు. 1993 ఫిబ్రవరిలో వచ్చిన విచారణ నివేదిక తొందరపాటు గడువునూ, సిబ్బందిని కలుపుకుపోకపోవడాన్నీ ఎత్తి చూపింది. తర్వాత ఆ సంస్థే సిబ్బందిని వెంటబెట్టుకుని, అంచెలంచెలుగా చేసుకుంటూ 1996లో కొత్త విధానాన్ని నిలబెట్టుకోగలిగింది. అంటే చేయగలిగిన పనే ఇది.

మెమోల మాటకొస్తే బ్రిటన్ పోస్టాఫీసుల లెక్కలు చూసే హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ ఉదంతం మీకు తెలిసే ఉంటుంది. కంప్యూటర్ తప్పుగా చూపిన డబ్బు లోటును నమ్మి, 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా పోస్టాఫీసు నిర్వాహకులను దోషులుగా తేల్చారు. ఆ శిక్షలు కొట్టేయడానికి 2024లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. మా అబ్బాయి మెమో అంత పెద్దది కాదు. కానీ స్క్రీన్ తప్పు కాదు, మనిషిదే తప్పు అని మొదలయ్యే ఆలోచన అదే.

ఈ రెండు ఉదంతాలకూ ముందే ఈనిడ్ మంఫర్డ్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, విధానాన్ని వాడబోయేవాళ్లే దాని రూపకల్పనలో కూర్చోవాలని వాదించి, కార్యాలయాల్లో సెక్రటరీలు వాడే విధానాలను వాళ్ల చేతే రూపొందింపజేశారు. సెక్రటరీలు చేయగలిగింది నర్సులు చేయలేరా? మమ్మల్ని కోడ్ రాయనివ్వమని అడగడం లేదు. రాసే ముందు ఒక మాట అడగమంటున్నాం. రాశాక, ఇది మా పనికి సరిపోతుందో లేదో చెప్పే సంతకం మాకూ ఉండాలంటున్నాం.

కాబట్టి, అయ్యా, రెండో దశ ఆపండి. శాశ్వతంగా కాదు, మొదటి దశలో ఏం జరిగిందో చూసేదాకా. కొత్తగా ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఒక్క విభాగంలో పెట్టి, కొన్నాళ్లు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడిపి, రెండూ సరిపోలాకే పాతది ఆపించండి. మా దగ్గర ఒక్క రాత్రిలో పాత రిజిస్టర్లకు తాళం వేయించారు, ఆ తప్పు ఇంకెక్కడా జరగనివ్వకండి. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లను రాత్రి డ్యూటీకి పంపండి, క్యాజువాలిటీలో, ప్రసూతి వార్డులో, ల్యాబ్‌లో కూర్చోమనండి. ఫిర్యాదు పెట్టినవాళ్లు సరేనంటేనే టికెట్ మూసేలా చేయండి. ఇచ్చిన మెమోలు వెనక్కి తీసుకోండి. ఇదే మళ్లీ మళ్లీ రాస్తున్నానని విసుక్కోకండి, జవాబు వచ్చి ఉంటే ఒక్కసారితో సరిపోయేది.

ఇవన్నీ కమిటీలు వేసి, నిధులు చూసుకుని చేసేవని అంటారేమో. అయితే అంతదాకా ఆగలేనిది ఒక్కటుంది. ఎవరో తెలియని రోగికీ, అప్పుడే పుట్టిన బిడ్డకూ మొబైల్ నంబరుతో పని లేకుండా వేరే రిజిస్ట్రేషన్ నంబరు ఇచ్చే వీలు కల్పించండి. వివరాలు తెలిశాక పాత రికార్డుతో కలిపే అధికారం రికార్డుల విభాగానికి ఇవ్వండి. దాని డిజైన్ కూడా మా పటాల్లో గీసి పెట్టాం, మూడో షీటులో ఉంది. అది ఈ వారంలోనే చేయించండి. మిగతా వాటి గురించి మీరు ఎప్పుడు పిలిస్తే అప్పుడు, డ్యూటీ లేని పూట చూసుకుని, నలుగురమూ వస్తాం.

ఇట్లు
ఒక ప్రభుత్వాసుపత్రి వైద్య రికార్డుల విభాగం ఉద్యోగిని